ఆర్సీకెక్కని సీసీలు

పాత పెట్రోల్ అంబాసిడర్ల ఆర్సీలు తీసి చూడండి, చాలావాటిలో క్యూబిక్ కెపాసిటీ గడిలో 1489 అని ఉంటుంది. ఒక్క బోరింగ్ పడిందంటే ఆ అంకెకు కాలం చెల్లినట్టే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బోరింగ్ పడని అంబాసిడర్‌ను వెతికి పట్టుకోవడం మహా కష్టం. కాబట్టి ఈ నేల మీద మిగిలిన అంబాసిడర్లలో చాలావాటి ఆర్సీకీ, బానెట్ కింద ఉన్న ఇనుముకూ పొంతన లేదు. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, కేసులూ లేవు. అయినా నాకు ఈ సంగతి భలే ఇష్టం. మిర్చి యార్డులో టిక్కీ దగ్గర అరకిలో తరుగు కోసం అరగంట వాదించే మనుషులం. గొడ్లచావిట్లో ఉన్న ఇంజన్ అసలు ఎంతో మాత్రం ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఈ మధ్య ఒకడు అడిగాడు. చిలకలూరిపేట పక్క ఊళ్లో మా స్నేహితుడి చావిట్లో పట్టా కప్పుకుని ఒక మార్క్ ఫోర్ అంబాసిడర్ ఉంది. స్నేహితుడి తండ్రి కొన్న బండి. 1980ల మొదట్లో, హైబ్రిడ్ పత్తి మీద రైతు డబ్బు కళ్లచూసిన రోజుల్లో కొన్నాడు. ఆ తర్వాత నాలుగైదేళ్లకే పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88 వచ్చేసరికి ఈ రెండు జిల్లాల పత్తి రైతుల చావుకబుర్లు పేపర్లకెక్కాయి. ఆ బండి ఇంజన్ బతుకు కూడా పంటను బట్టే నడిచింది. పండిన ఏడు బోరింగు, పండని ఏడు రింగులు. బోరింగంటే సిలిండర్లు చెక్కించి కొత్త పిస్టన్లు వేయించడం. రింగులంటే అరిగిన బోరులోనే కొత్త రింగులు తొడిగించి, వచ్చే పంట దాకా పొగ ఆపుకోవడం. ఏ ఏడు ఏది చేయించారో రాసిపెట్టిన కాగితం లేదు. చేయించిన పెద్దాయన పోయాడు. చేసిన మేస్త్రి షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

పెద్దాయన మనవడికి హైదరాబాదులో ఉద్యోగం. బండి బాగుచేయించి రోడ్డెక్కించాలని వాడి పట్టుదల. ముందుగా ఇన్సూరెన్స్ సంగతి చూస్తుంటే వాడికో చిక్కు కనపడింది. కార్ల థర్డ్ పార్టీ ప్రీమియానికి ఇంజన్ సైజును బట్టి మూడు మెట్లు. వెయ్యి సీసీ దాటనివి, వెయ్యి దాటి 1500 లోపువి, 1500 దాటినవి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో మధ్య మెట్టు 3,416 రూపాయలు, పై మెట్టు 7,897. మన 1489 ఆ గీతకు పదకొండు సీసీల దూరంలో ఉంది.

"బాబాయ్, తాత బోరింగ్ చేయించాడని నాన్న అంటున్నాడుగా, మరి మనం ఏ మెట్టు మీదున్నట్టు?" అన్నాడు. ప్రీమియం ఆర్సీలో అంకెను బట్టే వేస్తారు, ఎవరూ బోర్ గేజి పట్టుకుని నీ ఇంటికి రారు, నిశ్చింతగా ఉండు అన్నాను. నిశ్చింతగా ఉండే రకం కాదు వాడు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న విన్నాక నేనూ ఉండలేకపోయాను.

ముందు లెక్క చూద్దాం. ఆ ఇంజన్ ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ పుట్టించిన బీ సిరీస్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో దాన్నే దశాబ్దాల పాటు చేశారు. అంగుళాల కాలంలో గీసిన ఇంజన్ కాబట్టి బోరు రెండూ ఏడు బై ఎనిమిది అంగుళాలు, అంటే 73.025 మిల్లీమీటర్లు. స్ట్రోకు మూడున్నర అంగుళాలు, 88.9. బోరును బోరుతోనే హెచ్చించి, దాన్ని 0.7854తో, ఆపైన స్ట్రోకుతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఒక్కో సిలిండర్ 372 సీసీ పైచిలుకు వస్తుంది. నాలుగూ కలిపితే 1489.

బోరు అరిగినప్పుడు వేసే పెద్ద పిస్టన్లు అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన ఉంటాయి. షెడ్లలో పది సైజు, ఇరవై సైజు, ముప్పై, నలభై అంటారు. నేను కాగితం మీద వేసి చూశాను. ఇరవైకి 1510, ముప్పైకి దాదాపు 1521, నలభైకి 1531. పది సైజు దగ్గర నవ్వొచ్చింది. సరిగ్గా 1499.7. ఇన్సూరెన్స్ గీతను గోటితో గీరి ఆగిపోయింది.

బోరు ఇలా పెరగడం ఇంజన్‌కు కొత్తేమీ కాదు. ఇదే బీ సిరీస్‌ను ఇంగ్లండు వాళ్లు ఎంజీ స్పోర్ట్స్ కార్ల కోసం 1588 చేశారు, 1622 చేశారు, చివరికి 1798 దాకా తీసుకెళ్లారు. పోతలు మార్చుకుంటూ బోరే పెంచుకుంటూ పోయారు తప్ప మూడున్నర అంగుళాల స్ట్రోకు జోలికి పోలేదు. బోరు లెక్కలో రెండుసార్లు హెచ్చవుతుంది, స్ట్రోకు ఒక్కసారే. అంబాసిడర్‌కి బోరు ఒక్క మిల్లీమీటరు పెరిగితే 41 సీసీలు కలుస్తాయి. స్ట్రోకు అంతే పెరిగితే 17 కూడా కలవవు. కొలిచేటప్పుడు కూడా అంతే. బోరు దగ్గర చెయ్యి వణికితే లెక్కంతా తప్పుతుంది.

ఇంకో తికమక ఉంది. క్రాంకు గ్రైండింగ్ చేయించినప్పుడు బేరింగులకు కూడా పది, ఇరవై, ముప్పై, నలభై అనే చెబుతారు. అది క్రాంకు జర్నల్ ఎంత సన్నబడిందో చెప్పే కొలత. మామూలు గ్రైండింగ్‌లో జర్నల్ ఉన్న కేంద్రం మీదే సన్నబడుతుంది. స్ట్రోకు మారదు, సీసీ ఒక్కటీ పెరగదు. "మాది నలభై సైజు ఇంజనండీ" అని ఎవరైనా గొప్పగా చెబితే పిస్టన్ నలభయ్యా, బేరింగ్ నలభయ్యా అని అడగండి. సగంమంది దగ్గర జవాబుండదు.

ఇంజనే మార్చేసిన బళ్ల సంగతి వేరు. పెట్రోల్ ఇంజన్ దించి మెటడార్ డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు ఒకప్పుడు చాలా తిరిగేవి. అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే వ్యవహారం. అనుమతి కావాలి, ఆర్సీలో రాయించాలి. 1990లలో కంపెనీయే ఇసుజు ఇంజన్ పెట్టి 1817 సీసీతో అమ్మింది కూడా. మనవాడిది అవేవీ కాదు. పుట్టినప్పటి ఇంజనే, బ్లాకు మీద నంబరు ఆర్సీతో కలుస్తోంది. కాకపోతే ఆ నంబరు బ్లాకు ఎక్కడ పుట్టిందో చెబుతుంది గానీ దాన్ని ఎన్నిసార్లు చెక్కారో చెప్పదు.

హెడ్ దించకుండా తేల్చొచ్చా అని వాడి తర్వాతి ప్రశ్న. తేల్చొచ్చు, కొంతవరకు. పిస్టన్‌ను పైకి తెచ్చి ప్లగ్గు రంధ్రంలోంచి నూనె కొలిచి పోయాలి. తర్వాత పిస్టన్‌ను అడుక్కి దింపి మళ్లీ నిండా పోయాలి. రెండు కొలతల తేడాయే ఆ సిలిండర్ సీసీ. వినడానికి ఇంత సులువు. చేయబోతే మూడు అడ్డంకులు. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పుడు ఏదో ఒక వాల్వు కాస్తయినా తెరుచుకునే ఉంటుంది. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అడుగు దాటి పైకి లేచాకే మూసుకుంటుంది, ఎగ్జాస్టు వాల్వు పిస్టన్ అడుగుకు చేరకముందే తెరుచుకుంటుంది. టాపెట్లు పూర్తిగా లూజు చేసి రెండింటినీ మూసి ఉంచకపోతే పోసిన నూనె మానిఫోల్డ్ పాలు. రెండోది, రింగుల సందుల్లోంచి నూనె చమటలా దిగుతూనే ఉంటుంది. మూడోది, ఈ ఇంజన్ ప్లగ్గులు హెడ్ పక్కనుంచి ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పైన ఎక్కడో గాలి బుడగ చిక్కుకుంటుంది. స్టాండర్డు బోరుకూ నలభై సైజుకూ సిలిండర్‌కి పది సీసీల తేడా ఉంది, అది దొరుకుతుంది. ఇరవైకీ ముప్పైకీ మధ్య తేడా రెండున్నర సీసీ. సిరంజి పట్టుకుని దాన్ని తేల్చాననేవాడిని నేను నమ్మను. రేసుల్లో ప్లగ్గు రంధ్రానికి బిగించి గాలితో కొలిచే పరికరాలు వాడతారు. మన దగ్గర అవెక్కడ?

కాబట్టి హెడ్ దించారు. పిస్టన్లు తీసి, బ్లాకును ట్రాలీ ఆటోలో గుంటూరు ఆటోనగర్‌లో ఒక బోరింగ్ షాపుకు తీసుకెళ్లారు. వాళ్లతోపాటు నేనూ వెళ్లాను. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. సీసీ ఎంతో కొలిచి చెప్పమని కుర్రాడు అడిగితే ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "ఏందబ్బాయ్, బోరు చెయ్యమని వస్తారు గానీ సీసీ చెప్పమని వచ్చినోణ్ణి నిన్నే చూశా" అన్నాడు. అన్నాడే గానీ ఆయనకూ సరదా పుట్టింది.

ముందు పిస్టన్ల నెత్తిన పేరుకున్న మసిని గీకాడు. 030 అని అచ్చు కనపడింది, నాలుగింటి మీదా. కుర్రాడు అయిపోయిందనుకున్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. అచ్చు పిస్టన్‌ది. కొలవాల్సింది బోరు. పిస్టన్ బోరుకంటే కొంచెం సన్నగా ఉంటేనే కదా ఆడేది.

బోరు పైఅంచున ఆయన గోరు పెట్టి చూపించాడు. అంచుకు కాస్త కింద గోరు టక్కున తట్టుకుంటుంది. పై రింగు అంతవరకే వస్తుంది కాబట్టి ఆపైన బోరు అరగదు. ఆ అరగని పట్టీలోనూ, రింగులు చేరని అట్టడుగునా కొలిస్తే బోరు కొట్టిన రోజు సైజు తెలుస్తుంది. మైక్రోమీటరుతో సరిచేసుకున్న డయల్ గేజిని బోరులోకి దింపి అటూ ఇటూ ఊపాడు. ముల్లు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకచోట వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే కొలత. ఒక్కో బోరులో పైన, మధ్యన, కింద, మళ్లీ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. నాలుగు బోర్లూ కొలిచాడు. ఒకటి కొలిచి నాలుగుతో హెచ్చించే పని ఆయన దగ్గర లేదు. ఎందుకో మూడో సిలిండర్ దగ్గర తెలిసింది. బ్లాకు ముఖం తుడిస్తే దాని చుట్టూ వెంట్రుకంత గీత గుండ్రంగా కనపడింది. ఎప్పుడో ఆ ఒక్కదానికే స్లీవ్, అంటే బోరులో దిగే ఇనుప గొట్టం, కొట్టారు. "లోపల గాడి పడుంటది. మిగతా మూడూ బతికినయ్, ఇది సచ్చి బతికింది" అన్నాడు. దాన్ని కూడా ముప్పైకే చెక్కారు కాబట్టి లెక్క చెడలేదు. చెడిన ఇంజన్లు ఉంటాయట.

అరగని చోట 73.79 వచ్చింది. అంటే 1521 సీసీ, పై మెట్టు మీద ఇరవై దాటి ఉన్నాం. రింగులు తిరిగే చోట మాత్రం పైన 73.98 దాకా అరిగింది. అదీ అడ్డంగానే ఎక్కువ, పిస్టన్ గోడకు ఆనే వైపు. ఆ అరుగుదలను సగటున కలుపుకుంటే ఇంకో మూడు సీసీలు తేలాయి. ఎయిర్ క్లీనర్ దులపని వేసవుల్లో మన నల్లరేగడి దుమ్ము కూలి అడక్కుండా చేసిన బోరింగ్ అది. దాన్ని సీసీలో కలపాలా వద్దా అని కుర్రాడూ నేనూ వాదించుకున్నాం. కలపకూడదని నా మాట. తయారుచేసింది లెక్క, పోగొట్టుకున్నది లెక్క కాదు.

అసలు ఈ కొలత ఉపయోగం బలం తెలుసుకోవడం కాదని నాకు అక్కడే అర్థమైంది. ముప్పై సీసీలు పెరిగితే అంబాసిడర్ గుర్రమైపోదు. ఇంకా ఎంత ఇనుము మిగిలిందో చెబుతుంది ఆ అంకె. మామూలుగా దొరికే పిస్టన్లలో ముప్పై తర్వాత నలభై, అదే చివరిది. ఆ తర్వాత స్లీవులే. ట్రాక్టర్ల వాళ్లకు ఈ బాధ తక్కువ. పాత మాసీలకు వచ్చిన పర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్ పేరులోని 152 దాని క్యూబిక్ అంగుళాలు, దాదాపు 2500 సీసీ. దానికి బోరులో లైనర్లుంటాయి. అరిగితే అవి తీసి కొత్తవి దింపుతారు. పేరులో అంకె ఎన్నేళ్లయినా నిజంగానే ఉంటుంది.

ఇది విని కుర్రాడికి ఆలోచన వచ్చింది. నాలుగింటికీ స్లీవులు వేసి స్టాండర్డు పిస్టన్లు పెడితే మళ్లీ 1489 అవుతుంది కదా, ఆర్సీ నిజమైపోతుంది కదా! మేస్త్రికి కోపం వచ్చింది. స్లీవ్ కూర్చోవాలంటే బ్లాకును ఇంకా లోతుగా తవ్వాలి. ఇంకో బోరుకు ఇనుము ఉండగా కాగితం కోసం బ్లాకును తొలుస్తానంటే ఆయన ఒప్పుకోడు. నేనూ మేస్త్రి పక్షమే. తాత మూడు పంటలో నాలుగు పంటలో ఖర్చుపెట్టి మిగిల్చిన ఇనుము అది.

నలభైకే ఖాయమైంది. పిస్టన్ల సెట్టు గుంటూరులో దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక కొట్టువాడు ఉండొచ్చన్నాడు. కుర్రాడు అప్పుడే ఫోనులో 1531 అని రాసుకుంటున్నాడు. మేస్త్రి చూశాడు.

"పిస్టన్లు తేకుండానే రాసుకున్నావా? ముందు అయ్యి నా బల్ల మీద పెట్టు. కొలిచి, క్లియరెన్సు చూసి అప్పుడు బోరు కొడతా. డబ్బా మీద నలభై అని ఉన్నంత మాత్రాన లోపల నలభయ్యే ఉంటదని ఏముంది?"

వాడు అంకె చెరిపేశాడు. ఆదివారం కొట్లు తీయరు కాబట్టి విజయవాడకు సోమవారం వెళ్దామని సెలవు పెట్టాడు.