చిత్రమునకు వెనుకవైపు

ఒక చిత్రము మన మనస్సును హరించిన పిదప, అది దేనితో నిర్మింపబడినదో తెలిసికొనుటవలన ఆ యానందము పెరుగునా, తరుగునా? ఈ ప్రశ్నకు మన యిండ్లలో రెండు విధములైన సమాధానములు వినబడుచుండును. "మూలము వెదకరాదు, వెదకినచో భక్తి చెడును" అని పెద్దలందురు. "మూలము తెలిసినది, ఇక నిందేమియు లేదు" అని పిన్నలందురు. చూపునకు విరుద్ధములుగా దోచినను ఉభయుల నమ్మికయు నొక్కటియే: వెనుకకు బోయి చూచినచో ముందున్నది నిలువదని. ఈ నమ్మిక సరికాదని చీనా దేశపు చిత్రకారుడు షూ బింగ్ తన సిరాచిత్రములచేతను, దీపపు పెట్టెలచేతను చూపుచున్నాడు. అందువలననే ఆయన పనిని మన పాఠకులకు పరిచయము చేయబూనితిని.

షూ బింగ్ 1955లో చుంగ్‌కింగ్ నగరమున జన్మించి బీజింగులో పెరిగెను. సాంస్కృతిక విప్లవకాలమున, చదువుకొన్న యువకులను పల్లెలకు పంపు విధానము ననుసరించి, 1974 మొదలు 1977 వఱకు నొక గ్రామమున పనిచేసెను. పిమ్మట బీజింగులోని కేంద్ర లలితకళా విద్యాలయమున అచ్చుచిత్రముల విద్య నభ్యసించెను. 1988లో ఆయన ప్రదర్శించిన 'ఆకాశ గ్రంథము' పెద్ద వివాదమును రేపినది. దానికొఱకు ఆయన సుమారు 4,000 అక్షరములను స్వయముగా కల్పించి కొయ్యపై చెక్కెను. చూచుటకవి శుద్ధమైన చీనా లిపివలె నుండును గాని, వానిలో నొక్కదానికిని అర్థము లేదు. ఆ పుటల యెదుట మహాపండితుడును నిరక్షరాస్యుడును సమానులే. అక్షరమునకు మనమొసగు గౌరవములో అర్థమునకు జెందిన భాగమెంత, ఆకారమునకు జెందిన భాగమెంత యని ఆ గ్రంథము మనల నడుగుచున్నది. అర్థము తెలియకయే వల్లించుటను విద్యయని భ్రమపడుచున్న ఉపాధ్యాయులందఱును ఈ ప్రశ్నను చెవిని బెట్టదగును.

ఆయన సిరాచిత్రములలో ఈ విచారమే వేఱొక త్రోవ పట్టినది. 1999లో నేపాళమునకు బోయి, హిమాలయముల నడుమ గూర్చుండి ఆయన కొన్ని రేఖాచిత్రములను గీసెను. వానిలో రాయి యున్నచోట రాయి యను చీనా అక్షరము, చెట్టున్నచోట చెట్టు అను అక్షరము గుంపులు గుంపులుగా వ్రాయబడియుండును. దూరమునుండి చూచువానికది కొండచరియ, దగ్గఱకు బోయినవానికది వ్రాత. ఇది కేవలము చమత్కారము గాదు. చీనాలో చిత్రమును వ్రాతయు నొకే కుంచెనుండి పుట్టినవని ప్రాచీనుల మతము. 1679లో వెలువడ నారంభించిన 'ఆవగింజ తోట' యను చిత్రలేఖన పాఠగ్రంథము, కొమ్మను గీయుటకిట్లు, బండను గీయుటకిట్లు అని గీతలను వర్గీకరించి బోధించును. షూ బింగ్ దానినొక నిఘంటువుగా నెంచెను.

ఇక దీపపు పెట్టెల మాట. 2004లో ఆయన బెర్లిన్ నగరమందలి తూర్పు ఆసియా కళల మ్యూజియమున ప్రదర్శన చేయవలసివచ్చెను. రెండవ ప్రపంచయుద్ధాంతమున సోవియట్ సైన్యము ఆ మ్యూజియపు సంపదలో అధికభాగమును తరలించుకొనిపోయినది. పోయిన చిత్రములకు ఛాయాపటములు మాత్రము మిగిలినవి. వానిని జూచి, పోయిన చిత్రములకు మాఱుగా షూ బింగ్ వెలుగుతో చిత్రములను నిర్మించెను. పెద్ద పెట్టె, దాని ముఖమున మసకగాజు పలక, లోపల విద్యుద్దీపములు. గాజుమీద మంచులో మునిగిన కొండలు, వంగిన దేవదారులు, ఏటియొడ్డు పాక కనబడును. అందొక్క సిరాచుక్కయు లేదు. పెట్టె వెనుకభాగము తెఱచియే యుండును. అటు పోయి చూచినచో ఎండుకొమ్మలు, నార పోగులు, మొక్కజొన్న పొత్తుల పైపొరలు, నలిపిన కాగితములు, వానిని నిలుపు అంటుపట్టీలు! 2011లో లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ఆయన నిలిపిన పెట్టెకు మూలము ఆ మ్యూజియముననే యున్న వాంగ్ షిమిన్ చిత్రము. అది 1654 నాటిది.

ఇందలి రహస్యము సులభమైనది. గాజునకు ఆనుకొనియున్న వస్తువు నీడ గట్టిగా, అంచు తీరి పడును. నాలుగు వ్రేళ్లు వెనుకకు జరిగినచో అదే నీడ పలుచబడి పొగవలె వ్యాపించును. చిత్రకారుడు సిరాలో నీరు కలిపి సాధించు దూరమును షూ బింగ్ వస్తువును వెనుకకు జరిపి సాధించుచున్నాడు. మన తోలుబొమ్మలాట నెఱిగినవారికీ మర్మము క్రొత్తది గాదు. ఆటగాడు బొమ్మను తెరకు అదిమిపట్టుట యందులకే. కాని మన యాటలో ప్రేక్షకునికి ముందువైపే స్థానము. షూ బింగ్ వెనుకవైపును గూడ ప్రదర్శనలోని భాగముగా జేసెను.

ఇచ్చట శ్రీశంకుకుని చిత్రతురగ న్యాయము స్మరణకు వచ్చును. పటమందలి గుఱ్ఱమును జూచునపుడు గలుగు ప్రతీతి యథార్థజ్ఞానమును గాదు, భ్రాంతియు గాదు, సంశయమును గాదు, పోలికను గుర్తించుటయు గాదు. అన్నిటికిని విలక్షణమైనదని యాతడు వాదించెను. అభినవగుప్తుడు రసవిషయమున నాతని మతము నంగీకరింపలేదు గాని, చిత్రమును గూర్చిన యీ పరిశీలన విలువైనది. వెనుకకు బోయి చెత్తను జూచినవాడు మరల ముందునకు వచ్చినచో నేమి కనబడును? కొండయే కనబడును. అది భ్రాంతియే యైనచో జ్ఞానము గలుగగానే తొలగవలెను గదా! త్రాడని తెలిసిన వెనుక పాము కనబడదు. చెత్తయని తెలిసినను కొండ కనబడుచునే యున్నది. చిత్రానందము అజ్ఞానముపై ఆధారపడినది గాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

దోషములు లేవని చెప్పజాలను. సిరాచిత్రమున గీత ఒక్కసారి పడినచో దిద్దుటకు వీలులేదు. చేతి వేగము, వెనుకాడుట, ధైర్యము అన్నియు కాగితముపై నిలిచిపోవును. పెట్టెలో కొమ్మను సరిపడువఱకు ఎన్నిసార్లయినను మార్చవచ్చును. కావున వీనిలో పూర్వుల చిత్రముల రూపము గలదు గాని, వారి కుంచెలోని ఊపిరి లేదు. మఱియు నీ పద్ధతి అనేక నగరములలో అనేక పర్యాయములు ప్రయోగింపబడినది. మొదటిసారి కలిగిన విస్మయము పదియవసారి కలుగుట దుర్లభము. హిమాలయమున గీసిన చిన్న సిరాచిత్రములనే నేను మిన్నగా నెంచుదును. వానిలో చేయియు బుద్ధియు నొక్కటిగా నడచినవి.

అయినను ఈ పెట్టెలనుండి మనము నేర్వవలసినది గలదు. మన పిల్లలు పురాణములను గూర్చియు, ఆచారములను గూర్చియు, "ఇది యెట్లు పుట్టినది?" అని యడిగినపుడు మనము వారిని గద్దించి ముందువైపుననే కూర్చుండబెట్టుచున్నాము. వారు పెద్దవారై తమంతట తామే వెనుకకు బోయి, అచ్చటి నారను కాగితమును జూచి, మోసపోతిమని పరిహసించి వెడలిపోవుచున్నారు. చిన్ననాడే చేయిపట్టుకొని వెనుకకు దీసికొనిపోయి, అన్నియు చూపి, మరల ముందునకు దెచ్చి నిలుపుట మన పని. అపుడును నిలిచిన కొండను వారు ప్రేమింతురు. నిలువనిదానిని మనము కాపాడనక్కఱలేదు.