తెరమీది బల్ల, నోటిమీది ఆట

ఒక కళ పుట్టినచోటు విడిచి క్రొత్త సాధనమును ఆశ్రయించినపుడు విమర్శకుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ సాధనము కళకు సేవ చేయవచ్చినదా, పెత్తనము చేయవచ్చినదా? బల్లచుట్టు కూర్చుండి నోటిమాటతో ఆడుకొను పాత్రధారణ క్రీడ నేడు కంప్యూటరు తెరపైకి ఎక్కినది. మన యిండ్ల యువకులలో దీనిని ఎఱిగినవారు లేకపోలేదు. పెద్దలు దీనిని మఱియొక వీడియో ఆటగా ఎంచి ఉపేక్షించుట కలదు. మా అభిప్రాయమున ఇది ఉపేక్షింపదగినది కాదు. దీని ప్రాణము బొమ్మలో లేదు, మాటలో ఉన్నది. ఇంటిలో మాటాడుటచేతనే భాషను నిలుపుకొన్న మనవంటివారు మాటతో నడచు ఆటను పట్టించుకొనకుండుట తగదు.

ఈ క్రీడలకు ఆద్యమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దాని కర్తలు. చిన్న సైనికుల బొమ్మలను బల్లమీద నిలిపి యుద్ధములాడు అలవాటునుండి అది పుట్టినది. సేనకు మారుగా ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క వ్యక్తిని నడుపుట దానిలోని విశేషము. గేమ్ మాస్టరు అనబడు నిర్వాహకుడు లోకమును వర్ణించును. “ఎదుట పాత ద్వారము. లోపల ఏదో గీఱుచున్న చప్పుడు. ఏమి చేయుదురు?” అనును. ఒకడు చెవియొగ్గి వినెదననును. వేఱొకడు తలుపు తన్నెదననును. ఫలితము సందేహమైనచోట పాచిక వేయుదురు. 20 ముఖముల పాచిక ఇందులకు ముఖ్యము. ఒకరిపై ఒకరు గెలుచుట లేదు. కథ సాగుటయే ఫలము.

తెలుగువానికి ఈ పద్ధతి బొత్తిగా పరాయిది కాదు. అవధానసభలో పృచ్ఛకుడు అడ్డు వేయును. అవధాని ఆ అడ్డునే పద్యముగా మలచును. ఇచ్చట ఆటగాడు తలవని పని చేయును. నిర్వాహకుడు దానిని కథలో ఇముడ్చును. అచట ఛందస్సు కట్టడి, ఇచట నియమావళియు పాచికయు కట్టడి. రెంటను ప్రేక్షకుని ముగ్ధుని చేయునది ఆ క్షణమున పుట్టు మాటయే.

ఆటగాండ్రు చదువులకై, ఉద్యోగములకై తలకొక ఊరు చేరినపుడు ఈ బల్ల చెదరును. దానిని తిరిగి కూర్చుటకే వర్చువల్ టేబుల్‌టాప్ అను సాఫ్ట్‌వేరు పుట్టినది. ఫాంటసీ గ్రౌండ్స్ 2004లోను, రోల్ ట్వెంటీ 2012లోను, ఫౌండ్రీ 2020లోను వచ్చినవి. రోల్ ట్వెంటీని నిర్మించినవారు కళాశాల మిత్రులు. దూరమైనను తమ ఆటను విడువలేక దానికి పూనుకొనిరి. 2020లో మహమ్మారి ఇండ్ల తలుపులు మూయించినపుడు ఎన్నో బల్లలు తెరమీదికి తరలినవి.

గడులు గీచిన పటము, దానిపై పాత్రలకు గుర్తుగా టోకెన్లు, అందఱికి కనబడునట్లు దొర్లు పాచికలు, పాత్రల వివరపత్రములు – ఇవి ఈ తెరబల్లపై నుండు సామగ్రి. మాటలకు డిస్కార్డ్ వంటి వేఱొక సాధనమును పలువురు వాడుదురు. నిర్వాహకుడు పటముపై గోడలు గీచినచో, టోకెను నిలిచినచోటినుండి చూపు ఆనినంతమేరయే ఆ ఆటగానికి వెలుగును, తక్కినదంతయు చీకటి.

దీని గుణములను ముందు చెప్పుట న్యాయము. చెదరినవారిని ఒకచోట చేర్చుట మొదటి గుణము. అదియొక్కటి చాలును దీనిని మెచ్చుకొనుటకు. దాచవలసినది నిజముగా దాచుట రెండవది. బల్లమీద కాగితము కప్పి దాచిన సొరంగము ఉన్నదని అందఱికి తెలియును. తెరపై ముందు నడచినవానికొక్కనికే అది కనబడును. వాడు తక్కినవారికి చెప్పునో, దాచునో అన్న ఉత్కంఠ అక్కడ పుట్టును. వారము తిరిగి వచ్చుసరికి పటము, లెక్కలు విడిచినచోటనే ఉండుట మూడవది.

ఇక దోషములు. పై ద్వారమునే చూడుడు. చక్కని రంగుల పటముపై ద్వారము గీచియున్నచో నిర్వాహకుడు దానిని వర్ణింపడు. ఆటగాడు టోకెనును ఈడ్చి అచట నిలుపును. అది ఏ కఱ్ఱదో, గడియకు త్రుప్పు పట్టినదో అడుగువాడుండడు. అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి కలదు. మూడు గంటలు కూర్చుండి కోటగోడలు గీచిన నిర్వాహకుడు, ఆటగాండ్రు కోటను విడిచి రేవునకు పోయెదమన్నచో ఎంతవఱకు సహించును? తెలియకయే వారిని పటము సిద్ధముగా నున్న త్రోవకు మళ్లించును. అవధాని ముందే పద్యము వ్రాసికొని సభకు వచ్చినట్లగును.

లెక్కల సంగతి అటువంటిదే. మీట నొక్కినంతనే బాణము తగిలినదో లేదో, గాయమెంతయో యంత్రమే ప్రకటింపగలదు. అగ్నిగోళపు మంత్రము 20 అడుగుల వ్యాసార్ధమున వ్యాపించునని నియమము. తెరపై గడులు లెక్కించి యంత్రము తీర్పు చెప్పును. “నేను స్తంభము చాటున ఉంటిని గదా!” అని మిత్రుడు వేడుకొనుట, నిర్వాహకుడు మీసము దువ్వి ఆలోచించుట, నలుగురు నవ్వుట – ఇవన్నియు మాయమగును. పాచిక పడుటకును ఫలము తెలియుటకును నడుమనున్న ఆ కొలది క్షణములే ఈ ఆటకు రసస్థానము. యంత్రము వానిని వృథాకాలముగా ఎంచి తీసివేయుచున్నది.

అట్లని బొమ్మ మాటకు ఎప్పుడును శత్రువని మేము వాదింపము. మన తోలుబొమ్మలు నిలువెత్తువి, రంగులవి, కీళ్లు కదలునవి. ఒడిశాలోని రావణఛాయ బొమ్మలు చిన్నవి, కీళ్లు లేనివి, తెరపై నల్లని నీడను మాత్రమే వేయునవి. రెండును గొప్ప కళలే, ఏలయన రెంటను తెరవెనుక మనుష్యుడు గొంతెత్తి మాటాడుచున్నాడు. బొమ్మకు ఎన్ని రంగులున్నవన్నది ప్రశ్న కాదు; బొమ్మ పక్షమున ఎవరు పలుకుచున్నారన్నదే ప్రశ్న. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురణకర్తలగు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు 2025లో సిగిల్ అను త్రిపరిమాణపు బల్లను వెలువరించి, నెల తిరుగకమునుపే దానిపై పనిచేయువారిలో అధికభాగమును తొలగించిరి. ఆట మాత్రము ఆగలేదు.

ఈ చర్చ మనకేల అందురేమో. ఈ ఆట నియమగ్రంథము ఆంగ్లమున ఉన్నది. గడులు, అడుగులు, అంకెలు, మంత్రముల పేర్లు – ఇవన్నియు ఆంగ్లముననే నోటికి వచ్చును. ద్వారము, చప్పుడు, వర్తకుని బేరము, శత్రువుతో వాదులాట – ఇవి మాత్రము ఇంటిమాటలో రాగలవు. అనగా యంత్రము మ్రింగివేయు భాగమే మన భాషకు చోటిచ్చు భాగము. వర్ణన పోయిన ఆటలో తెలుగు పలుకవలసిన అవసరము మిగులదు. వర్ణన నిలిచినచో హోసూరు యాసలో ఒక సంతవర్తకుడు, బరంపురపు పలుకుబడిలో ఒక పడవవాడు, షోలాపురపు నేతగాని మాటతీరులో ఒక ముసలి సైనికుడు ఒక్క కథలో కలిసికొనవచ్చును. బెంగుళూరిలో ఒకడు, పూనాలో ఒకడు, యానాములో ఒకడు ఉన్నను అడ్డు లేదు. బడిలో తెలుగు లిపి నేర్వని పిల్లవానికి సైతము ఇందు ప్రవేశము కలదు. వానికి కావలసినది నోరును, వినువారును.

కావున ఆడువారికి మా సలహా స్వల్పము. పోరాటమునకు పటము తెఱువుడు, తక్కినవేళ మూసియుంచుడు. గాయము లెక్కించుట యంత్రమునకు వదలుడు. తీర్పు చెప్పుట వదలకుడు. తెరమీద ఇద్దఱు ఒక్కసారి మాటాడినచో ఏ మాటయు వినబడదు గావున, నిర్వాహకుడు ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, “నీవేమి చేయుదువు నాయనా?” అని అడుగవలెను. మితభాషికి వంతు దక్కు మార్గము అదియే. చెప్పగలిగినదానిని చూపవలదు. ఈ ఒక్క నియమమును పాటించినచో తెరమీది బల్ల మన ఇంటి అరుగునకు సాటి కాకపోయినను, అరుగుపై కూర్చుండలేని దూరమున ఉన్నవారిని మాటలో కలిపి ఉంచగలదు.