రోదసి నౌకకు కిస్తీ

బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ క్రీడలను గురించి, అందులోనూ వైజ్ఞానిక కల్పనకు సంబంధించినవాటిని గురించి మన పుటలలో చర్చ రావడం కొందరు మిత్రులకు రుచించకపోవచ్చు. ఇది తీరికవర్గాల వినోదమనీ, యువకులను భూమిమీది సమస్యలనుంచి నక్షత్రాలలోకి తరలించే పలాయనవాదమనీ వారి వాదన. నక్షత్రాలలోకి పోయిన ప్రతివాడినీ పలాయనవాది అనడానికి లేదు. వెల్స్ 1895లో ‘టైమ్ మెషీన్’ రాసి, వర్గవిభజన చివరకు మానవులను రెండు వేర్వేరు జాతులుగా చీల్చగలదని చూపించాడు. బోల్షెవిక్ అయిన బొగ్దానోవ్ 1908లో ‘రెడ్ స్టార్’ నవలలో సామ్యవాద సమాజాన్ని అంగారక గ్రహంమీద నిలబెట్టాడు. కథ ఏ గ్రహంమీద నడిచినా, అక్కడి మనుషులు ఏం తిని బతుకుతున్నారు, ఎవరి బాకీ ఎవరు తీరుస్తున్నారు అని అడగడం విమర్శకుడి పని.

ఈ క్రీడతో పరిచయం లేనివారికోసం రెండు మాటలు. నలుగురైదుగురు కూర్చొంటారు. ఒకరు నిర్వాహకుడు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. నిర్వాహకుడు పరిస్థితిని వర్ణిస్తాడు. పాత్రధారులు తాము ఏం చేస్తారో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనచోట పాచికలు తీర్పు చెబుతాయి. రంగస్థలం లేదు, ప్రేక్షకుడు లేడు. ఈ రూపంలో మొదట అచ్చయిన ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, 1974లో, అమెరికాలో. అదే సంవత్సరంలో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ పీడితుల రంగస్థలాన్ని గురించిన తన పుస్తకం వెలువరించి, ప్రేక్షకుడు లేచి పాత్రధారి కావాలని ప్రతిపాదించడం యాదృచ్ఛికమే కావచ్చు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ఒకటి బజారు సరుకుగా పుట్టింది. రెండవది ఉద్యమంలోంచి పుట్టింది. అయినా చూసేవాడు, చేసేవాడు అనే తేడాను చెరిపివేయడంలో రెండూ ఒకే దారి పట్టాయి.

ఆటలోని ప్రాపంచిక దృక్పథం కథలో కంటే నియమాలలో ఎక్కువగా దాగివుంటుంది. మన వైకుంఠపాళినే తీసుకోండి. నిచ్చెనకు పుణ్యం పేరు, పాముకు పాపం పేరు. ఆడేవాడు పుణ్యమూ చేయడు, పాపమూ చేయడు. పందెం పడినచోట కాలు పెడతాడు, అంతే. కర్మసిద్ధాంతాన్ని ఏ పురాణ కాలక్షేపమూ చెప్పలేనంత తేలికగా ఆ పటం పసిపిల్లల తలకెక్కిస్తుంది. ఇటువంటిదే మరొకటి. అమెరికాలో లిజీ మేగీ అనే ఆమె భూస్వామ్యపు అద్దెల దోపిడిని జనానికి చూపడానికి ఒక ఆట కల్పించి 1904లో పేటెంటు పొందింది. దాని సంతానమే 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ చేతిలో ‘మోనోపలీ’ అయి, అద్దెలు వసూలు చేయడంలోని ఆనందాన్ని ప్రపంచానికి నేర్పింది. దాదాపు అదే పటం, అవే అద్దెలు. గెలుపు అంటే ఏమిటన్న నియమం ఒక్కటి బిగుసుకొనేసరికి అర్థం తలకిందులైంది.

ఇక ‘ట్రావెలర్’ విషయం. మార్క్ మిల్లర్ రాయగా 1977లో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ మూడు చిన్న నల్లట్ట పుస్తకాలుగా దీన్ని అచ్చువేసింది. వైజ్ఞానిక కల్పనలో ఇది మొదటిది కాదు. ‘మెటమార్ఫసిస్ ఆల్ఫా’ 1976లోనే వచ్చింది. కాని ఒక మనిషి బతుకుతెరువును లెక్కలతో సహా చూపిన ఆటగా దీని స్థానం దీనిదే. కొత్తవారికి తొలిసారి ఆడించదలచినవారికి నేను దీన్నే సూచిస్తాను. అయితే ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో వాడుకలో వున్న పద్ధతితో నాకు పేచీ వుంది.

ఆ పద్ధతి ఏమంటే, ముందుగా సామ్రాజ్య చరిత్ర చదివి వినిపించడం. పదకొండువేల లోకాల సామ్రాజ్యం, దాని చక్రవర్తులు, ప్రభువులు, సరిహద్దు యుద్ధాలు. ఒక మిత్రుడు ఇలా గంటసేపు చెప్పగా నేను విన్నాను. ఎదుట కూర్చొన్న కుర్రవాళ్ళ ముఖాలు రాజవంశావళి పాఠం వింటున్నవారి ముఖాల్లా వున్నాయి. విచిత్రమేమంటే, 1977నాటి మూడు పుస్తకాలలో ఈ చరిత్ర లేనేలేదు. తరువాత వచ్చిన అనుబంధాలలో పెరిగింది. మొదట వున్నవి నియమాలే. ఆ సామ్రాజ్యం భూస్వామ్య పద్ధతిలో ఎందుకుందో కూడా ఆ నియమాలే చెబుతాయి: నక్షత్రాలమధ్య నౌక ఒక్కొక్క గెంతుకు వారం రోజులు పడుతుంది, నౌకను మించిన వేగంతో వార్త పోదు. కేంద్రంనుంచి ఉత్తరువు చేరేలోపల అంచున వున్న ప్రభువు తన ఇష్టం వచ్చినట్టు ఏలుకొంటాడు. పునాదికీ ఉపరితలానికీ వున్న సంబంధాన్ని ఇంత తేటగా చూపే ఉదాహరణ మన పాఠ్యపుస్తకాలలో నాకు కనబడలేదు. దాన్ని వదిలి చక్రవర్తుల పేర్లు వల్లించడమెందుకు?

కాబట్టి తొలి ఆట పాత్రల పుట్టుకతో మొదలుకావాలి. దేహబలం, చురుకుదనం, ఓర్పు, బుద్ధి, చదువు, సామాజిక స్థాయి అని ఆరు గుణాలు. ఒక్కొక్కదానికి రెండు పాచికలు. సామాజిక స్థాయికి 11 గాని 12 గాని పడితే బిరుదు వస్తుంది. అంటే పన్నెండుమందిలో ఒకడికి. తరువాత పద్దెనిమిదో ఏటనుంచి నాలుగేసి ఏండ్ల చొప్పున కొలువు. కోరిన కొలువులో చేర్చుకోకపోతే ఒక పాచిక వేసి, అది చూపిన కొలువులోకి నిర్బంధంగా పోవాలి. ప్రతి నాలుగేండ్లకూ బతికి బయటపడ్డాడా అని మళ్ళీ పాచికలు. 1977 నియమాల ప్రకారం స్కౌట్ల కొలువులో 7 దాటకపోతే, కనీసం 7 పడకపోతే, చావే. ఓర్పు మెండుగా లేనివారిలో నూటికి దాదాపు 42 మంది నాలుగేండ్లు తిరగకుండా పోతారు. ఆట మొదలుకాకముందే పాత్ర చనిపోవడమన్న ఈ నియమాన్ని చాలామంది ఎగతాళి చేశారు. 2008లో మాంగూస్ సంస్థ తెచ్చిన కూర్పులో చావు తీసివేసి ప్రమాదం పెట్టారు: గాయపడి కొలువు పోగొట్టుకొంటాడు. కొత్తవారికి ఇదే తగినది. పైగా ఇందులో మరొక విశేషం వుంది. వైద్యపు ఖర్చులో యజమాని ఎంత భరిస్తాడో పాచికలతో తేలుతుంది. ఆ పందేనికి అతని హోదాను కలుపుతారు. హోదా పెరిగినకొద్దీ యజమాని దయ పెరుగుతుందన్నమాట. నాతో ఆడిన విద్యార్థులకు దీన్ని విడమరచి చెప్పవలసిన అవసరం కలగలేదు.

నియమాలలో మొదటి రోజున చెప్పవలసినది ఒక్కటే: రెండు పాచికలు, నైపుణ్యం వుంటే అది కలుపు, 8 వస్తే పని అయింది. ఇది కూడా 2008 కూర్పునుంచి తీసుకొన్నదే. పని తెలియనివాడికి 3 తగ్గించాలి; అప్పుడు 36 పందేలలో 3 మాత్రమే అతనివి. మిగతా నియమాలు అవసరం వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. నౌకకూ వ్యాపారానికీ మాత్రం నేను 1977నాటి లెక్కలనే అట్టిపెట్టాను. ఈ ఆటకు ప్రాణం అక్కడే వుంది.

రెండువందల టన్నుల వర్తక నౌక ఖరీదు 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు. అయిదోవంతు ముందు కట్టాలి. ఆపైన ఖరీదులో 240వ వంతు చొప్పున నెలనెలా 480 నెలలు బ్యాంకుకు చెల్లించాలి. నెలకు 1,54,500. నలభై ఏండ్లు గడిచేసరికి నౌకకు రెండింతలకు పైగా చెల్లించినట్టు. సరుకు పట్టేది 82 టన్నులు, టన్నుకు కిరాయి 1,000. వారం ప్రయాణం, వారం రేవులో. నెలకు రెండు దఫాలు. గది నిండా సరుకు దొరికినా వచ్చేది 1,64,000. కిస్తీ పోగా 9,500 మిగులుతాయి. చోదకుడికి 6,000, ఇంజనీరుకు 4,000, వైద్యుడికి 2,000 జీతం. ఇంధనం కొనకముందే 2,500 నష్టం.

నలుగురు విద్యార్థులముందు ఈ కాగితం పెట్టి, ‘మీ నౌక రేవులో వుంది, కిస్తీకి పదకొండు రోజులు గడువుంది, ఏం చేస్తారు?’ అన్నాను. గెలాక్సీ చరిత్ర ఒక్క ముక్క చెప్పలేదు. అయిదు నిమిషాలలో నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కౌలుకు తీసుకొన్న పొలం పెట్టుబడికి అప్పు చేసిన ఇంటిలో పెరిగిన పిల్లలకు రోదసి నౌక తెలియకపోవచ్చు, కిస్తీ తెలుసు. తొలి ఆటలో కొత్తవాడికి కావలసిన ధైర్యం ఇక్కడినుంచి వస్తుంది. తనకు తెలిసిన విషయంమీద తాను మాట్లాడుతున్నాడు.

నష్టం పూడాలంటే మనుషులను ఎక్కించుకోవాలి. పై తరగతి 10,000, మధ్యతరగతి 8,000, కింది తరగతి 1,000. కింది తరగతివాళ్ళను చలిపెట్టెల్లో నిద్రపుచ్చి తీసుకుపోతారు. నౌకలో అటువంటి పెట్టెలు ఇరవై. దిగేటప్పుడు ఒక్కొక్కరికి రెండు పాచికలు: 5 గాని అంతకు మించి గాని పడితే లేస్తాడు, లేకపోతే లేవడు. ఆరుగురిలో ఒకడు లేవడు. నేర్పుగల వైద్యుడుంటే పందేనికి ఒకటి కలుస్తుంది. చావులు సగానికి తగ్గుతాయి. వైద్యుడు వుండితీరాలని నియమం నిర్బంధిస్తుంది గాని నేర్పరి అయివుండాలని నిర్బంధించదు. ఇంతేకాదు. కింది తరగతివాళ్ళ టిక్కెట్టులో పది క్రెడిట్లు లాటరీకి పోతాయి. ఎంతమంది బతికి లేస్తారో సరిగా చెప్పినవాడికి ఆ సొమ్ము. గెలిచినవాడు తానే లేవకపోతే అది కెప్టెనుకు చెందుతుంది.

ఈ నియమం చదివినప్పుడు, కాకినాడ దగ్గరి పల్లెనుంచి వచ్చిన విద్యార్థి ఒకడు, ‘మాస్టారూ, ఇది రంగూన్ ఓడలో డెక్కు టిక్కెట్టే కదా’ అన్నాడు. వాళ్ళ ముత్తాత బర్మా వెళ్ళి తిరిగిరాలేదట. బర్మాలో తెలుగు కూలీలను కోరంగి రేవు పేరుమీదుగా కోరంగీలని పిలిచేవారు. మేస్త్రీ ముందుగా సొమ్ము ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ మేస్త్రీ చేతిలో వుండేవాడు. అమెరికన్ రచయిత మన కోరంగీలను ఎరిగివుంటాడని నేననను. పెట్టుబడి ఎక్కడ మనుషులను సరుకుగా ఎగుమతి చేసినా లెక్క ఒక్కలాగే తేలుతుంది కాబట్టి ఆ కుర్రవాడు పోల్చుకోగలిగాడు. అప్పటినుంచీ మా ఆటలో కింది తరగతికి డెక్కు టిక్కెట్టు అన్న పేరే నిలిచింది.

ఇక్కడ ఒక మిత్రుడితో నాకు వాగ్వాదం వచ్చింది. నిర్వాహకుడు అభ్యుదయవాది అయినప్పుడు బ్యాంకును రాక్షసిగా చూపి, పాత్రధారులను తిరుగుబాటువైపు నడిపించాలని ఆయన అంటాడు. ఇది మన సాహిత్యంలో నినాద కవిత్వానికి పట్టిన తెగులే. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో రచయిత అభిప్రాయాలు ఎంత మరుగున వుంటే కళకు అంత మంచిదన్నాడు. రాజరికాన్ని అభిమానించిన బాల్జాక్‌ను అందుకే మెచ్చుకొన్నాడు. నవలలో పాత్ర రచయితకు ఎదురుచెప్పలేదు. ఈ క్రీడలో పాత్రధారి ఎదుటే కూర్చొనివుంటాడు; అతని నోట మన మాట పెట్టడం అంతకంటె అన్యాయం. మా ఆటలో పాత్రధారులు తిరుగుబాటు చేయలేదు. లెక్క వేసుకొని, వోటు పెట్టుకొని, ముగ్గురు అటు ఒకరు ఇటుగా ఇరవై పెట్టెలూ నింపారు. నేర్పుగల వైద్యుణ్ణి వెతకడానికి గడువు చాలదన్నారు. వైద్యురాలి పాత్ర ధరించిన విద్యార్థినికి ఆ విద్యలో ఓనమాలే వచ్చు. పాచిక చూపిన సైన్యంలోకి పోయి నేర్చుకొన్నది.

రేవు చేరాక ఆమె ఒక్కొక్క పెట్టెకూ పాచికలు వేసింది. నేను వేయలేదు, ఈ ఒక్క పని నిర్వాహకుడు తన చేతిలోకి తీసుకోరాదని నా అభిప్రాయం. నలుగురు లేవలేదు. కిస్తీ కట్టడానికి సొమ్ము సరిపోయింది. లాటరీ ఎవరు గెలిచారో చూద్దామని ఎవరూ అనలేదు. ఆమె నన్ను అడిగింది: ‘వాళ్ళ పేర్లేమిటి మాస్టారూ?’

పుస్తకంలో పేర్లు లేవు. కింది తరగతివాడు అందులో ఒక ధర, ఒక పందెం. ఈ ఆటలోని లోపం అనండి, దాని నిజాయితీ అనండి, అక్కడ వుంది. చావు ఖరీదును దాచకుండా రాసింది. దాన్ని ఎండావానల్లా ప్రకృతి ధర్మంగా రాసింది. బ్యాంకుకు ముఖం లేదు, చలిపెట్టెలో పడుకొన్నవాడికీ ముఖం లేదు. ముఖం వున్నది మధ్యలో నలిగే నౌకా సిబ్బందికే. ఇది చిన్న వ్యాపారి దృష్టి. పెద్దవాడికి బాకీ పడి, తనకంటె చిన్నవాడిమీద ఆ బరువు దించుకొని, తాను స్వతంత్రుణ్ణని నమ్మేవాడి దృష్టి. 1977నాటి కొలువుల జాబితా చూస్తే ఇది మరింత తేటపడుతుంది: నౌకాదళం, మెరైన్లు, సైన్యం, స్కౌట్లు, వర్తకులు, మిగిలినవారంతా ‘ఇతరులు’. ఆ ఇతరులకు హోదాలు కూడా లేవు. పౌరుడన్న శీర్షిక కింద శ్రామికుడు 2008 కూర్పులో కనబడతాడు.

పేర్లు విద్యార్థులే పెట్టారు. తరువాతి ఆటకు సిబ్బందిగా గాక, ఆ ఇరవై పెట్టెల్లో పడుకొన్నవారిలో నలుగురుగా కూర్చొంటామన్నారు. వాళ్ళ జీవితాలను అవే పట్టికలతో తయారు చేసుకొన్నారు. ఇద్దరు శ్రామికులు, ఒకతె, చేర్చుకొంటారా లేదా అన్న పందెం అక్కరలేదు కాబట్టి, దేశదిమ్మరి కొలువు ఎంచుకొన్నది. నాలుగో పాత్రకు సామాజిక స్థాయి 11 పడింది. బిరుదుగలవాడు డెక్కు టిక్కెట్టుమీద ఎందుకు పోతున్నాడో వాళ్ళింకా తేల్చుకోలేదు.