ఫైబర్ పడవకి ఎర్త్ ఎక్కడ?

అలిపిరిలో ఘాట్ ఎక్కబోయే పాత జీపుకి ఒక పక్క హెడ్‌లైటు మసగ్గా వెలుగుతోందనుకుందాం. పని నేర్చుకుంటున్న కుర్రాడు బల్బు మారుస్తాడు. కొత్త బల్బూ అలాగే వెలుగుతుంది. మేస్త్రీ మాత్రం బల్బు జోలికే పోడు. చిన్న వైరు ముక్క తీసుకుని ఒక కొస లైటు నల్ల వైరుకి, రెండో కొస ఇంజను మీద రంగు లేని ఇనుముకి ఆనిస్తాడు. లైటు భగ్గున వెలుగుతుంది. ఎర్త్ పట్టడం లేదన్నమాట.

తిరుమల కొండకి 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఆ మలుపుల్లో రాత్రిపూట దిగే బండికి లైటు, హారన్ ప్రాణంతో సమానం. అందుకే ఆటో ఎలక్ట్రీషియన్ ముందు చూసేది ఎర్త్‌నే. బండిలో బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి బిగిస్తారు. ప్రతి లైటుకీ కరెంటు వైరులో వెళ్లి, ఇనుప బాడీ గుండా తిరిగొస్తుంది. బాడీయే సగం వైరింగ్.

ఈ విద్యంతా పడవ ఎక్కగానే తడబడుతుంది.

2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. దాంతో కొండ ఉన్న జిల్లాకే పులికాట్ తీరమూ దక్కింది. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఇలాంటి నీళ్లలో తిరిగే ఫైబర్ పడవలో ఎర్త్ తీసుకోవడానికి ఇనుప బాడీ లేదు. ప్రతి లైటుకీ, పంపుకీ పోయే వైరు ఒకటి, వచ్చే వైరు ఒకటి వేయాల్సిందే. జీపులో దొరికే అడ్డదారి ఇక్కడ లేదు.

అదీ చేతులు మారిన పడవైతే చిక్కు రెట్టింపవుతుంది. మొదటి యజమాని వేసిన ఎర్ర వైరుకి రెండో యజమాని పచ్చ వైరు మెలిపెట్టి టేపు చుడతాడు. మూడో యజమాని అక్కడి నుంచే ఫోన్ చార్జరుకి లైను లాగుతాడు. ఏ రంగు దేనికో చెప్పే మనిషి ఉండడు. వైరు పట్టుకుని కొస దాకా వెళ్లడమే దారి.

ఆ వెళ్లడానికీ ఒక క్రమం ఉంది. ముందు బ్యాటరీ. కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు 12.6 పైన చూపిస్తుంది, సగానికి దిగితే 12.2 దగ్గర ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 14 చుట్టూ లేకపోతే చార్జింగ్ సరిగ్గా అందడం లేదు. బ్యాటరీ బాగుందని తేలాకే వైర్ల సంగతి.

ఇక్కడ చాలామందిని మోసం చేసేది లోడు లేని కొలత. వైరులో ఒక్క పోగు మిగిలినా, లైటు ఆపి చూస్తే మీటరు 12 వోల్టులూ చూపిస్తుంది. స్విచ్ వేశాక చూడాలి. ఉదాహరణకి, లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.4, లైటు దగ్గర 10.2 ఉన్నాయి. మధ్యలో పోయిన 2.2 వోల్టులు ఎక్కడ? మీటరు ఒక పుల్ల బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది లైటు పాజిటివ్ మీద పెడితే 0.3 వచ్చింది. నెగటివ్ వైపు అలాగే పెడితే 1.9. అంటే జబ్బు తిరుగుదారిలో ఉంది. ఇక ఆ వైరు మీద ఒక్కో అతుకు దగ్గరా అటూ ఇటూ కొలుస్తూ పోవాలి. ఒకచోట మీటరు ఎగురుతుంది. అక్కడ టేపు విప్పితే పచ్చటి చిలుము.

ఆ చిలుమంతా ఉప్పు చేసిన పనే. తడి రాగి పోగుల సందుల్లోంచి తొడుగు లోపలికి పాకుతుంది. అందుకే అతుకు ఒక్కటీ కోసి కొత్తది వేస్తే చాలదు. మెరిసే రాగి కనిపించే దాకా వైరు వెనక్కి కోస్తూ పోవాలి. పడవల కోసమే తగరం పూత పూసిన రాగి వైర్లు తయారుచేస్తారు. వైరు కొసకి తొడిగే లగ్గుని బాగా నొక్కి, పైన వేడికి బిగుసుకునే తొడుగు వేస్తే తడి దూరదు. ఉప్పునీటితో రాగి పడే బాధ పాతదే. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులకి జింకు, ఇనుము ముక్కలు తగిలించి, ఉప్పునీరు ఆ రాగిని తినకుండా ఆపవచ్చని చూపించాడు. ఇప్పటికీ పడవల అడుగున జింకు దిమ్మలు బిగిస్తున్నారు.

మసక లైటుతో సర్దుకుపోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎక్కువ కరెంటు లాగే పంపు లైనులో ఇలాంటి అతుకే ఉంటే, పోయిన ఆ వోల్టులు అక్కడే వేడిగా మారతాయి. 2018 మేలో పాపికొండలకి వెళ్తున్న పర్యాటకుల పడవ గోదావరిలో, దేవీపట్నం దగ్గర తగలబడింది. ఒడ్డుకి చేర్చడంతో ప్రయాణికులు బతికి బయటపడ్డారు. షార్ట్ సర్క్యూటేనని అప్పట్లో అనుమానించారు. పడవలో మంట లేస్తే దిగి పారిపోవడానికి రోడ్డు ఉండదు. అందుకే ఫ్యూజు స్విచ్ బోర్డు దగ్గర ఉంటే చాలదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే మొదటిది ఉండాలి. అది లేకపోతే మధ్యలో వైరు ఒరుసుకుపోయినా ఆపేవాళ్లుండరు.

మంచి మేస్త్రీ చేతి పని, రిపేరు అయ్యాకే తెలుస్తుంది. పనికిరాని పాత వైర్లు పీకి బయట పడేస్తాడు. మిగిలినవాటికి రెండు కొసలా అంకెల చీటీలు కడతాడు. ఏ అంకె దేనిదో కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్విచ్ బాక్సు మూత లోపల అంటిస్తాడు. అందుకు పట్టే పూటకి ఎవరూ విడిగా కూలి ఇవ్వరు. ఇవ్వాలి. నడి సరస్సులో చీకటి పడ్డాక పంపు ఆగితే, టార్చి వెలుగులో ఆ కాగితం ఒక్కటే దారి చూపిస్తుంది.

పాత పడవ కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, అడుగు తట్టి చూస్తారు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంకో అరగంట ఆగి, ఇంజను ఆపి, ఉన్న లైట్లూ పంపూ అన్నీ ఒకేసారి వేయించాలి. తర్వాత అవి ఆపి, అతుకుల మీద వేలు పెట్టి చూడాలి. ఏది వేడెక్కిందో ఆ అతుకు దగ్గరే బేరం మళ్లీ మొదలుపెట్టవచ్చు.