కూతురూ అల్లుడూ తెచ్చిన పుస్తకం

1978 డిసెంబరులో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే దంపతులు పశ్చిమ సమోవా నుంచి సొంత ఊరు హైదరాబాద్ వచ్చారు. చూసేవాళ్ళకు అది పరదేశంలో స్థిరపడినవాళ్ళు క్రిస్మస్ నెలలో అయినవాళ్ళను చూడడానికి రావడమే. వాళ్ళు మాత్రం మిషనరీలుగా వచ్చారు. సమోవాలో ఉండగా యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే లోకం మోర్మన్లని పిలిచే సంఘంలో చేరి, ఆ సంఘం ఇచ్చిన కొద్దికాలపు పిలుపు మీద సొంత ఊరికి తిరిగొచ్చారు. ఆ ఒక్క రాకలో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం బాప్టిస్టుల్లో పేరున్న పాదిరి. ఆ సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే.

సంఘ చరిత్రలు ఈ సంగతిని రెండు మూడు వాక్యాల్లో చెప్పి ముందుకు పోతాయి. నాకు మాత్రం ఇందులో గొప్ప పనితనం కనిపిస్తుంది. ఆ సంఘం సిద్ధాంతాలతో ఏకీభవించేవాళ్ళూ, ఏకీభవించనివాళ్ళూ కూడా మెచ్చుకోదగ్గ పనితనం అది. చేతిలో ఉన్న కాలం కొద్ది. వెనక భవనం లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. ఇద్దరే మనుషులు. అంత కొద్ది సరంజామాతో ఏది చేయగలరో అదే ఎంచుకుని చేశారు.

వాళ్ళ ముందున్న ఉదాహరణ చూస్తే ఆ ఎంపిక విలువ తెలుస్తుంది. ఇదే సంఘం నుంచి 1853లో రిచర్డ్ బాలంటైన్, ఆయన తోటివాళ్ళు మద్రాసులో దిగారు. ఉత్సాహానికి కొదవ లేదు, ఒక పత్రిక కూడా అచ్చు వేశారు. కానీ వాళ్ళు మాట్లాడింది ప్రధానంగా ఇంగ్లీషు తెలిసినవాళ్ళతోనే. కంటోన్మెంటు గోడ దాటి తెలుగు, తమిళ ఇళ్ళలోకి పోయే దారి వాళ్ళకు దొరకలేదు. ఏడాది తిరిగేసరికి బాలంటైన్ వెళ్ళిపోయాడు. ఆ ప్రయత్నానికీ ధర్మరాజు దంపతుల రాకకూ మధ్య నూట పాతికేళ్ళు. ఈసారి వచ్చినవాళ్ళకు తలుపు తట్టాల్సిన పనే లేదు. పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు.

అయితే బంధువుల ఇల్లు తేలిక అనుకోకూడదు. ముక్కూ మొహం తెలియని మిషనరీ చెప్పింది నచ్చకపోతే నమస్కారం పెట్టి పంపేయవచ్చు, అతను మళ్ళీ కనపడడు. సొంతవాళ్ళ దగ్గర మాట తప్పితే జీవితాంతం పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురు పడుతూనే ఉండాలి. పైగా ఇక్కడ ఎదురుగా ఉన్నది మామగారు, ఆయన పాదిరి. బైబిలు విప్పి చెప్పడమే వృత్తిగా బతికిన పెద్దమనిషి. అల్లుడికి అత్తింట్లో ఎంత మర్యాద జరుగుతుందో, మామగారికి ఎదురు చెప్పకూడదన్న కట్టుబాటూ అంతే ఉంటుంది. ఆ ఇంట్లో కొత్త సంఘం సంగతి ఎత్తాలంటే ఎంత వినయం, ఎంత తూకం కావాలో తెలుగు కుటుంబాల్లో పెరిగినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. దంపతులుగా రావడం ఇక్కడే అక్కరకొచ్చి ఉంటుందని నా నమ్మకం. అల్లుడు నోరు విప్పలేని చోట కూతురు మాట్లాడగలదు. కూతురు కూర్చోలేని మగవాళ్ళ మధ్య అల్లుడు కూర్చోగలడు. ఆ సంఘంలో యువ మిషనరీలను ఇద్దరిద్దరిగా జతకట్టి పంపుతారు, జతలో ఒకరు మరొకరిని విడిచి తిరగరు. దంపతులకు ఆ జత ముందే కుదిరి ఉంటుంది. నేటికీ ఆ సంఘం పెద్దవయసు దంపతులను ఇల్లు విడిచి సేవకు రమ్మంటుంది. జీతం లేదు, తమ ఖర్చు తామే పెట్టుకుంటారు.

బాప్టిస్టు ఇంటి దగ్గర మరో చిక్కు ఉంది. బిడ్డ తలమీద నీళ్ళు చిలకరించే సంఘాల నుంచి వచ్చినవాళ్ళకు నిండా నీట ముంచే బాప్తిస్మం కొత్త సంగతి. బాప్టిస్టులకు అది కొత్త కాదు, అదే వాళ్ళ గుర్తు. కానీ ఈ కొత్త సంఘం ఇతర సంఘాల్లో పొందిన బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోదు, తమ యాజకత్వం కలవాడి చేతుల మీదుగా మళ్ళీ మునగాలంటుంది. మునిగేటప్పుడు శరీరంలో ఏ భాగమైనా నీటి పైన మిగిలితే మళ్ళీ ముంచుతారు. అది చూడడానికి ఇద్దరు సాక్షులు నిలబడతారు. ఎనిమిదేళ్ళు నిండనివాళ్ళకు ఇవ్వరు. కాబట్టి ఆ 22 మందిలో చంటిబిడ్డల్ని కలిపి పెంచిన లెక్క లేదు. బాప్తిస్మం ఒకసారి పొందినవాళ్ళను రెండోసారి నీళ్ళలోకి దిగమనడం, మొదటిదాన్ని అవమానించకుండా అడగడం, చాలా సున్నితమైన పని.

సంఖ్య చిన్నదనిపించేవాళ్ళు సరిగ్గా నూరేళ్ళు వెనక్కి చూడాలి. 1878 జులై 3న ఒంగోలుకు దగ్గర్లో వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆ పని పూర్తి చేశారు. తెలుగునాట బాప్టిస్టు సంఘాల జ్ఞాపకంలో అంతటి రోజు మరొకటి లేదు. అక్కడ నేను మెచ్చుకునేది సంఖ్య కన్నా దాని ముందున్న నిగ్రహం. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు పని సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ధర్మరాజు దంపతుల దగ్గర ఇవ్వడానికి గంజీ లేదు, కూలీ లేదు. 22 మందిని కదిలించింది ఏదైనా అది మాటే అయి ఉండాలి.

ఆ మాట పలికిన కాలం కూడా మామూలుది కాదు. మతప్రచార హక్కులో ఇతరుల్ని మతం మార్చే హక్కు లేదని 1977 జనవరిలో సుప్రీంకోర్టు రెవరెండ్ స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. 1978 డిసెంబరులోనే ఓ.పి. త్యాగి మతమార్పిడుల మీద లోక్‌సభలో బిల్లు పెట్టాడు. దేశమంతా క్రైస్తవ సంఘాలు ఆందోళన చెందాయి, ప్రధాని మొరార్జీ దేశాయికి మదర్ థెరిసా లేఖ రాసింది. రమీజా బీ అనే మహిళపై పోలీసుల అత్యాచారం ఉదంతంతో హైదరాబాద్ అదే ఏడు అట్టుడికింది. అలాంటి ఊళ్ళో, అలాంటి నెలలో సొంత మనుషుల మధ్యకు పోవడం పిరికితనమని నేను అనుకోను. మాట ఎక్కడ చెల్లుతుందో తెలిసినవాళ్ళు చేసే పని అది.

హైదరాబాద్‌లోనే క్రైస్తవ సేవలో దీనికి పూర్తిగా భిన్నమైన పనితనమూ ఉంది. హెన్రీ మార్టిన్ సంస్థ 1930లో లాహోర్‌లో పుట్టి, ఊళ్ళు మారుతూ 1971లో హైదరాబాద్ చేరింది. ఇస్లాం అధ్యయనం దాని మొదటి పని. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత ఆ సంస్థ పాతబస్తీలోని సుల్తాన్‌షాహీ లాంటి బస్తీల్లోకి వెళ్ళింది. హిందూ ముస్లిం కుటుంబాలు పక్కపక్కనే ఉండే చోట పిల్లల చదువు, ఆడవాళ్ళ కుట్టుపని చేపట్టి ఏళ్ళ తరబడి నిలిచింది. అక్కడ బాప్తిస్మాల ప్రసక్తే లేదు. సుల్తాన్‌షాహీలో పనికి కాలమే పెట్టుబడి. ధర్మరాజు దంపతులకు కాలం లేదు, చుట్టరికం ఉంది. ఎవరి దగ్గరున్న పనిముట్టుతో వాళ్ళు పని చేశారు.

వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళాక ఏం మిగులుతుంది? కొద్దికాలపు సేవల్లో చాలావాటికి ఈ ప్రశ్న దగ్గరే జవాబు దొరకదు. ఇక్కడ పుస్తకం మిగిలింది. తెలుగులో క్రైస్తవ గ్రంథాల అనువాదం మొదటినుంచీ విదేశీ మిషనరీ పేరు మీదే నడిచింది. విశాఖపట్నంలో అగస్టస్ డిగ్రాంజెస్ సువార్తలను తెలుగు చేస్తున్నప్పుడు పక్కన కూర్చున్నది ఆనందరాయర్. 1812లో శ్రీరాంపురంలో అవి అచ్చయ్యేనాటికి డిగ్రాంజెస్ లేడు. ఆ వాక్యాల్లో తెలుగు ఎవరిదో ఊహించడం కష్టం కాదు. శ్రీనివాసం గారి విషయంలో వరుస తిరగబడింది. తెలుగు పాదిరే అనువాదకుడు.

పనీ తేలికైనది కాదు. 1830లో అమెరికాలో అచ్చయిన ఆ గ్రంథం పాత ఇంగ్లీషు బైబిలు శైలిలో సాగుతుంది. వాక్యం తర్వాత వాక్యం "మరియు"తో మొదలవుతుంది. "అప్పుడు ఇలా జరిగింది" అన్న అర్థం వచ్చే పదబంధం వెయ్యిసార్లకు పైగా వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే తెలుగు చెవికి సుత్తి దెబ్బలే. వెళ్ళి, చూచి, విని అంటూ క్రియల్ని ఒకదానికొకటి తగిలించుకుంటూ పోగల శక్తి మన భాషకుంది, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ గ్రంథం నడకను కాపాడాలో అనువాదకుడు ప్రతి పేరాలోనూ తేల్చుకోవాలి. ఇక కృప, రక్షణ, ప్రాయశ్చిత్తం, పశ్చాత్తాపం లాంటి మాటలు తెలుగు క్రైస్తవుల నోళ్ళలో తరాల తరబడి నలిగినవి. కొత్త సంఘం వాటికి కొంత వేరే అర్థం చెప్పుకుంటుంది, కానీ కొత్త మాటలు పుట్టిస్తే వినేవాడికి అది దేవుని వాక్యంలా వినపడదు. ప్రసంగ వేదిక మీద జీవితం గడిపిన బాప్టిస్టు పాదిరికి ఈ పలుకుబడి పుస్తకాల్లో వెతుక్కుంటే దొరికింది కాదు, రోజూ వాడుకున్నది. సమోవా నుంచి వచ్చిన దంపతులు ఊరంతా గాలించినా ఇంతకన్నా తగిన చేయి దొరికేది కాదని నాకనిపిస్తుంది. ఆ చేయి ఇంట్లోనే ఉంది.

1982లో తెలుగులో మోర్మన్ గ్రంథం నుంచి ఎంపిక చేసిన భాగాలు వెలువడ్డాయి, పూర్తి గ్రంథం తర్వాత వచ్చింది. 1993లో బెంగళూరు కేంద్రంగా ఆ సంఘం భారత మిషన్ ఏర్పడింది. స్థానిక సంఘాలు తగినంత బలపడి, తమ పాలన తామే చూసుకోగల దశకు వచ్చినప్పుడు వాటిని కలిపి స్టేకు అంటారు. దేశంలో అలాంటి మొదటి స్టేకు 2012 మే 27న ఏర్పడింది. ఢిల్లీ, ముంబై, మిషన్ కేంద్రమైన బెంగళూరు ఉండగా, ఆ స్థితికి ముందు చేరింది హైదరాబాద్.