కార్డు ఏ ఊరిదైనా

హైదరాబాద్‌లోని దోమలగూడ, అశోక్‌నగర్ అపార్టుమెంట్లలో కాపలా ఉండే కుటుంబాల్లో చాలామంది పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లే. బతుకుతెరువు ఇక్కడ, రేషన్ కార్డు అక్కడ. ఒకప్పుడు నెలనెలా బస్సు చార్జీలు పెట్టుకుని ఊరెళ్లి బియ్యం తెచ్చుకోవాల్సి వచ్చేది, లేదంటే వదులుకోవాల్సి వచ్చేది. బస్సు ఖర్చు బియ్యం ధరను మించిపోతుంది కాబట్టి వదులుకున్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడు వాళ్లు చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో దగ్గరున్న రేషన్ షాపుకు వెళ్లి బియ్యం తీసుకోవచ్చు. దీన్ని పోర్టబిలిటీ అంటారు. వాడేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. దీని వెనుక ఉన్న పనితనం మాత్రం తీరిగ్గా చూడదగ్గది.

అసలు కార్డును ఒకే షాపుకు ఎందుకు కట్టేశారు? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టిన కాలంలో లెక్కలన్నీ కాగితం మీదే. ఏ డీలర్ కింద ఎన్ని కార్డులున్నాయో కీ రిజిస్టర్‌లో రాసి ఉండేది. దాన్నిబట్టే కోటా వచ్చేది. పక్క షాపు కార్డుకు బియ్యం ఇస్తే ఆ లెక్క తేల్చే దారి లేదు. అందుకే మనిషిని షాపుకు కట్టేశారు. దాంతో పెత్తనమంతా డీలర్ చేతికి వెళ్లింది. స్టాకు లేదు, రేపు రమ్మంటే రేపు రావాల్సిందే. తూకంలో తేడా వచ్చినా వేరే గతి లేదు.

2015లో కృష్ణా జిల్లాలో, వేలిముద్ర చూసి సరుకు లెక్క రాసే ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. తర్వాత హైదరాబాద్ నగరానికి, 2018 నాటికి తెలంగాణ అంతటికీ వచ్చాయి. షాపులో జరిగేది చూడండి. డీలర్ కార్డు నంబరు కొడతాడు. కుటుంబ సభ్యుల పేర్లు తెర మీదకు వస్తాయి. వచ్చినవాళ్లు తమ పేరు చూపించి వేలు పెడతారు. తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు కాబట్టి, నలుగురున్న కార్డుకు ఇరవై నాలుగు కిలోలని చూపిస్తుంది. తూకం యంత్రాన్ని ఈ-పాస్‌కు జోడించిన చోట, కాటా మీద అంత బరువు పడితేనే లావాదేవీ ముందుకు సాగుతుంది. చివర్లో చీటీ వస్తుంది. కార్డు నుంచి ఆ నెల బియ్యం తగ్గిన క్షణమే షాపు నిల్వ నుంచి కూడా అంతే తగ్గుతుంది. ఒకే వేలిముద్ర రెండు ఖాతాలను కదిలించింది. పోర్టబిలిటీ మొత్తం ఈ జంట పద్దు మీదే నిలబడింది.

అసలు చిక్కు షాపు బయట ఉంది. ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చంటే ఏ షాపుకు ఎంత సరుకు పంపాలి? బియ్యం ఎఫ్‌సీఐ గోదాం నుంచి మండల స్థాయి నిల్వ కేంద్రమైన ఎంఎల్ఎస్ పాయింట్‌కు, అక్కడి నుంచి లారీలో షాపుకు చేరతాయి. నెల మొదలయ్యేలోపే బస్తాలు దిగి ఉండాలి. దానికి పాత కూడిక, తీసివేతలే వాడారు. కార్డుల ప్రకారం షాపుకు ఎనభై క్వింటాళ్లు కావాలనుకుందాం. యంత్రం ప్రకారం పోయిన నెల పన్నెండు మిగిలాయి. ఈ నెల అరవై ఎనిమిది పంపితే చాలు. వలస వచ్చినవాళ్లు ఎక్కువగా వచ్చే షాపులో నిల్వ తొందరగా అడుగంటుతుంది. అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి అదనపు కోటా పంపొచ్చు. జనం నడిచిన దారినే సరుకు నడుస్తుంది.

ఇదే తీసివేత తొందరపడి చేస్తే ఎంత చేటో జార్ఖండ్ చూసింది. 2017లో అక్కడ యంత్రం చూపిన మిగులును కోటాలోంచి కోసేశారు. కాగితం మీద ఉన్న ఆ బియ్యం చాలా షాపుల్లో నిజంగా లేవు. డీలర్‌కు తక్కువ వచ్చింది, డీలర్ పేదవాడికి తగ్గించాడు. కొన్ని నెలలకే ఆ పద్ధతి ఆపేయాల్సి వచ్చింది. లెక్క తప్పలేదు, అయినా ఆకలి మిగిలింది. పాత బాకీలన్నీ ఒక్క దెబ్బతో రాబట్టబోతే ఆ భారం క్యూలో చివర నిలబడ్డవాళ్ల మీద పడుతుంది. పంపిణీ వ్యవస్థ గీసే ప్రతివాళ్లూ ఈ పాఠాన్ని మొదటి పేజీలోనే రాసుకోవాలి.

నాకు బాగా నచ్చింది వేలిముద్ర పడకపోతే ఏం చేయాలో ముందే ఆలోచించడం. ఇటుకలు మోసిన చేతులకు, గిన్నెలు తోమిన చేతులకు గీతలు అరిగిపోతాయి. అందుకని ఒక వేలు పడకపోతే రెండు వేళ్లు కలిపి చూసే ఫ్యూజన్ పద్ధతి తెచ్చారు. అదీ కుదరకపోతే కనుపాప, ఫోనుకు ఓటీపీ. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) తన వేలిముద్ర వేసి బియ్యం ఇప్పించే ఏర్పాటు కూడా చేశారు. యంత్రం కాదన్నా మనిషి అవునని చెప్పే చోటు మిగిల్చారు. అక్కడ వేలిముద్ర వేసే ఉద్యోగి పేరు నమోదవుతుంది కాబట్టి దయకూ జవాబుదారీ ఉంటుంది.

2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దు దాటి కూడా ఇది పనిచేయడం మొదలైంది. దేశంలో మొదటి జంటల్లో మనదొకటి, గుజరాత్, మహారాష్ట్రలది మరొకటి. 2022కల్లా అన్ని రాష్ట్రాలూ చేరాయి. శ్రీకాకుళం కార్డులో అయిదుగురుంటే, మనిషికి అయిదు కిలోల చొప్పున ఇరవై అయిదు. ముసలి తల్లిదండ్రులు ఊళ్లో పది తీసుకుంటే, మిగతా పదిహేను కొడుకు దోమలగూడలో తీసుకోవచ్చు. చీలిన కుటుంబాన్ని ఒకే కార్డు రెండు చోట్ల పోషిస్తుంది. ఒక పరిమితి ఉంది. రాష్ట్రం దాటితే కేంద్రం ఇచ్చే వాటానే దక్కుతుంది, సొంత రాష్ట్రం కలిపి ఇచ్చేది రాదు.

దాతృత్వ సంస్థల్లోనూ ఇలాంటి పనితనం ఒకటుంది. అమెరికాలో ఫుడ్ బ్యాంకుల సమాఖ్య, ఇప్పటి ఫీడింగ్ అమెరికా, ఒకప్పుడు విరాళంగా వచ్చిన లారీలను వంతుల ప్రకారం కేటాయించేది. గోదాం నిండా ఆలుగడ్డలున్న చోటికీ వంతు వస్తే ఆలుగడ్డలే. 2005లో షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కనీస్ ప్రెండర్‌గాస్ట్, సహచరులతో కలిసి కొత్త పద్ధతి తయారుచేశారు. ప్రతి బ్యాంకుకూ అవసరాన్నిబట్టి ‘షేర్లు’ అనే ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. దాంతో కావలసిన లారీని వేలంలో పాడుకుంటారు. ఆ రోజు ఖర్చయిన షేర్లు రాత్రికి మళ్లీ అందరికీ పంచుతారు. పేద బ్యాంకు ఎప్పటికీ వట్టి చేతులతో మిగలదు, తనకేం కావాలో తనే చెప్పుకోగలుగుతుంది.

రెండు చోట్లా వివరాలు వేరు, ఆలోచన ఒకటే. తీసుకునేవాళ్ల ఇష్టానికి లెక్కలో ఒక గడి కేటాయించారు. మన నగరంలో అన్నదానం చేసే సంస్థలు, సరుకుల కిట్లు పంచే ట్రస్టులు కంప్యూటర్ కొనేముందు ఆ గడి గీసుకోవాలి. ఎవరికి ఎంత ఇచ్చామన్నది ఏ పుస్తకమైనా చెబుతుంది. వాళ్లు ఎక్కడికి వచ్చారు, దేన్ని వద్దన్నారు, ఎవరు ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లారు అన్నది రాసిపెట్టే పుస్తకమే వచ్చే నెల పంపకాన్ని సరిదిద్దుతుంది. రేషన్ షాపులో వచ్చిన పెద్ద మార్పు కూడా ఇదే. తూకం నచ్చకపోతే పక్క షాపుకు వెళ్లే హక్కు పేదవాడికి దక్కింది. అడుక్కునే చోట ఎంచుకునే వీలు కలిగించడం కన్నా గొప్ప పనితనం పంపిణీలో మరొకటి లేదు.