నాలుగు ఫైనల్స్, ఒక్క కప్పూ లేదు

2025 బ్యాడ్మింటన్ సీజన్ డిసెంబరు 21న చైనాలోని హాంగ్‌జౌలో ముగిసింది. వరల్డ్ టూర్ ఫైనల్స్ పురుషుల డబుల్స్ కప్పును కొరియా జోడీ కిమ్ వోన్ హో, సియో సెయుంగ్ జే ఎగరేసుకుపోయారు. ఆ ఏడాది వాళ్లకది 11వ టైటిల్. ముందురోజు సెమీస్‌లో మన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టి మొదటి గేమ్‌ను 21-10తో ఊదేశారు. ఆ తర్వాత రెండు గేములూ 17-21, 13-21తో చైనా జోడీ లియాంగ్ వీకెంగ్, వాంగ్ చాంగ్ చేతుల్లోకి వెళ్లిపోయాయి.

కె.గంగవరంలో ఆ మ్యాచ్‌ను ఫోన్‌లో చూసిన అభిమానికి ఆ ఓటమి ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. కోటిపల్లి రేవులో గోదావరి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్నుంచి అమలాపురం. సాత్విక్ అక్కడి కుర్రాడు. ఎగువకు వెళ్తే రావులపాలెం, కిదాంబి శ్రీకాంత్ పుట్టిన ఊరు. ఒక్క కోనసీమ నుంచే ఇద్దరు అంతర్జాతీయ మేటి ఆటగాళ్లు!

ఆ ఇద్దరి 2025నూ పక్కపక్కన పెట్టి చూస్తే అభిమాని గుండె చివుక్కుమంటుంది. మే నెలలో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టిన శ్రీకాంత్ కౌలాలంపూర్‌లో మలేసియా మాస్టర్స్ ఫైనల్ దాకా వెళ్లి లి షి ఫెంగ్ చేతిలో ఓడాడు. నవంబరులో లక్నోలో సయ్యద్ మోదీ టోర్నీ ఫైనల్‌ను మూడో గేమ్‌లో 20-22తో, అంటే అంచు దాకా వచ్చి, పోగొట్టుకున్నాడు. సాత్విక్ జోడీ సెప్టెంబరులో వరసగా రెండు వారాలు ఫైనల్ ఆడింది. హాంకాంగ్‌లో మొదటి గేమ్ గెలిచి కూడా లియాంగ్, వాంగ్‌లకు తలవంచింది. షెన్‌జెన్‌లో జరిగిన చైనా మాస్టర్స్‌లో కిమ్, సియో 21-19, 21-15తో గెలిచారు. మొత్తం నాలుగు ఫైనల్స్. కప్పు ఒక్కటీ రాలేదు.

అయినా సీజన్ చివర అభిమాని కూర్చుని చూసుకోవాల్సిన లెక్క ఇంతకంటే పెద్దది.

సాత్విక్, చిరాగ్ జోడీకి ఏడాది మొదలైన తీరు గుర్తు చేసుకోవాలి. జనవరిలో మలేసియా ఓపెన్, ఇండియా ఓపెన్ రెండింటిలోనూ సెమీస్. ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గుండెపోటుతో కన్నుమూశారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయనే కొడుకు చేత రాకెట్ పట్టించారు. మార్చిలో ఆల్ ఇంగ్లండ్‌లో చిరాగ్ నడుం పట్టేయడంతో మ్యాచ్ మధ్యలోనే ఆపేశారు. తర్వాత చాలా వారాల విరామం. సింగపూర్‌లో తిరిగి కోర్టులో దిగినవాళ్లు క్వార్టర్స్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ జోడీ గో జె ఫీ, నూర్ ఇజ్జుద్దీన్‌లను రెండు గేముల్లోనే ఇంటికి పంపారు.

ఆగస్టులో పారిస్. ఏడాది క్రితం ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో ఆరోన్ చియా, సో వూయి యిక్ జోడీ వీళ్ల పతకం ఆశను తుంచేసింది ఆ నగరంలోనే, ఆ స్టేడియంలోనే. ఈసారి ప్రపంచ చాంపియన్‌షిప్. మళ్లీ క్వార్టర్స్, మళ్లీ ఆ మలేసియా జోడీనే. ఈసారి 21-12, 21-19తో సాత్విక్, చిరాగ్ గెలిచారు. చేతికొచ్చింది కాంస్యమే కావచ్చు. 2024 ఆగస్టులో ఆ ఓటమి చూసి నిద్రపట్టనివాళ్లకు మాత్రం ఆ గెలుపు విలువ తెలుసు.

డబుల్స్ అభిమాని ముందు స్మాష్ కోసం వస్తాడు. సాత్విక్ విషయంలో రాకుండా ఎలా ఉంటాడు? 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని సోకాలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్ గిన్నిస్ రికార్డయింది. పదేళ్లుగా 493 దగ్గర నిలిచిన టాన్ బూన్ హియాంగ్ రికార్డును అది చెరిపేసింది. అయితే ఆ వేగం రాకెట్ మీద నుంచి కాక్ లేచిన క్షణానిది. పదహారు ఈకలు గాలిని పట్టి లాగడంతో అవతలివాడి దగ్గరకు చేరేసరికి అందులో చాలా భాగం కరిగిపోతుంది. మేటి జోడీలు దాన్ని తిప్పికొట్టగలుగుతున్నది అందుకే.

కొన్ని సీజన్లు చూశాక కళ్లు స్మాష్ నుంచి సర్వీస్ మీదికి దిగుతాయి. అసలు ఆట అక్కడుంది. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం సర్వీస్ చేసేటప్పుడు కాక్ మొత్తం నేలకు 1.15 మీటర్ల లోపే ఉండాలి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అంటే కాక్ కింద నుంచి పైకి లేచి, నెట్‌ను రాసుకుంటూ అవతల పడాలి. బెత్తెడు ఎత్తు లేచిందా, రాకెట్ ఎత్తి కాచుకున్న అవతలివాడు ముఖం మీదే కొడతాడు. పొట్టి ఆటగాడికి, ఆరడుగుల సాత్విక్‌కూ గీత ఒకటే. పైగా సర్వీస్ చేసినవాడు సాధారణంగా ముందు కోర్టు కాచుకోవాలి. వెనక నుంచి స్మాష్ దంచే మనిషి నెట్ దగ్గర చిక్కుకుంటే అవతలివాళ్లకు అంతకంటే కావాల్సిందేముంది?

ఓడిన ఆ ఫైనల్స్‌ను అభిమాని మళ్లీ చూడాలి. స్మాష్‌లను వదిలేసి సర్వీస్‌నూ, దాని తర్వాతి రెండు షాట్లనూ మాత్రమే చూడాలి. షెన్‌జెన్‌లో మొదటి గేమ్‌లో మంచి ఆధిక్యంలో ఉన్న మనవాళ్లను కొరియా జోడీ అందుకున్న తీరు అప్పుడు అర్థమవుతుంది. హాంగ్‌జౌలో గ్రూపు దశలో లియాంగ్, వాంగ్‌లకు మొదటి గేమ్ ఇచ్చి కూడా మనవాళ్లు లేచి గెలిచిన తీరూ అర్థమవుతుంది. వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో గ్రూపు దాటిన తొలి భారత పురుషుల జోడీ వీళ్లే. ఓటమితో పాటు ఆ మాటా సీజన్ ఖాతాలో రాయాలి.

ఈ చూపు ఊళ్లోనూ పనికొస్తుంది. సార్వా కోతలు అయి, దాళ్వా పనులు మొదలయ్యే ఈ రోజుల్లో చలిరాత్రుల్లో లైట్లు కట్టి షటిల్ ఆడటం గోదావరి ఊళ్లకు కొత్త కాదు. ఆరుబయట గోదారి గాలికి ఈకల కాక్ నిలవదు కాబట్టి నైలాన్ కాక్‌తో కానిస్తారు. కుర్రాళ్లంతా ఎగిరి కొట్టడానికే తహతహలాడతారు. పొట్టి సర్వీస్ మళ్లీ మళ్లీ సాధన చేసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. పై స్థాయికి వెళ్లాలంటే వాడికి పైకప్పున్న కోర్టు కావాలి, గాలి లేని చోటు కావాలి, వారం వారం ఈకల కాక్‌లు కొనే స్తోమత కావాలి. సాత్విక్ 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరు ఆటగాళ్లను ప్రపంచానికిచ్చిన సీమలో మూడోవాడికి ఆ అవసరం పడకుండా మండలానికో మంచి ఇండోర్ కోర్టు అడగడం అత్యాశేమీ కాదు.

కొత్త సీజన్ జనవరి మొదటి వారంలోనే కౌలాలంపూర్‌లో మలేసియా ఓపెన్‌తో మొదలవుతుంది, ఆ వెంటనే ఢిల్లీలో ఇండియా ఓపెన్. కె.గంగవరం అభిమాని ఈసారి స్కోరు 17-17 దాకా రాగానే ఫోన్ దగ్గరగా పెట్టుకుని, సాత్విక్ సర్వీస్ చేసే చేతిని చూస్తాడు.